మోచేతి కొలత

మా వంటింట్లో సింకు ఉన్న గట్టు అత్తయ్య మోచేతికి కొలిచి కట్టినది. ఇల్లు కట్టేటప్పుడు మామయ్య ఆవిణ్ణి ఇటుకల మధ్య నిలబెట్టి, చెయ్యి మడవమని, గోడ మీద సుద్దముక్కతో గీత గీయించారట. అత్తయ్య నా భుజం దాకా వస్తారు. కోడలు మంచి పొడుగని ఆ రోజుల్లో చుట్టాలందరూ మెచ్చుకున్నారు కానీ, ఆ పొడుగును తీసుకెళ్లి ఏ గట్టు ముందు నిలబెడుతున్నారో ఎవరూ ఆలోచించలేదు. గిన్నె సింకు అడుగున ఉంటుంది. చెయ్యి దాని దాకా వెళ్లాలి. చెయ్యి వెళ్లిన చోటికి నడుమూ వెళ్లాలి.

నా నడుం నొప్పి గురించి ఇంట్లో శ్రద్ధ లేదని అనలేను. శ్రద్ధే ఎక్కువైంది. అత్తయ్య ఉప్పు కాపడం చెప్పారు. మూకుట్లో రాళ్లుప్పు వేయించి, పాతగుడ్డలో మూటగట్టి అద్దుకుంటే హాయిగానే ఉంటుంది, కాదనను. వేయించేది నేను, మూట కట్టేది నేను, ముడి జారి ఉప్పంతా నేల మీద పడితే వంగి ఊడ్చేదీ నేనే. ఆడపడుచు వ్యాయామాలు పంపి, చేస్తున్నానో లేదో కనుక్కోవడానికి ఫోన్ చేసింది.

"వదినా, వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలూ గుండెకేసి లాక్కోవాలి. చేస్తున్నావా?"

"చేస్తున్నాను. పడుకోవడం బాగా వచ్చింది. లేవడం ఇంకా నేర్చుకోవాలి."

"నీకన్నీ వేళాకోళమే. పక్కకి తిరిగి, చెయ్యి ఊనుకుని లేవాలి. ఆ చప్పుడేంటి?"

"గిన్నెలు."

"సరే, కడిగేశాక చెయ్యి," అని పెట్టేసింది.

మా ఆయనది చదివి చెప్పే వైద్యం. నడకను మించిన మందు లేదని ఎక్కడో చదివి నన్ను రోజూ సాయంత్రం వీధిలోకి తరిమేవారు. అబద్ధమెందుకు, వీధి చివరిదాకా వెళ్లొచ్చేసరికి పట్టు సడలేది. ఇంటికొచ్చి సింకు ముందు నిలబడగానే మళ్లీ పట్టేసేది. చిల్లికుండలో నీళ్లు పోసినట్టుండేది మా వైద్యమంతా. చిల్లి ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పాను కూడా.

"ఏమండీ, ఈ గట్టు కాస్త ఎత్తు చేయిద్దాం."

"గట్టుకీ నడుముకీ ఏమిటి సంబంధం? మా అమ్మకి ఎప్పుడైనా నడుం నొప్పి వచ్చిందా?"

"అది ఆవిడ కొలత కదండీ."

"నేననేదీ అదే. లోపం గట్టులో లేదు. నువ్వు నిలబడే పద్ధతి మార్చుకోవాలి."

ఆ సమయానికి ఆయన సోఫాలో నడుం జార్చి, దాదాపు మెడ మీద కూర్చుని ఉన్నారు.

అత్తయ్య దగ్గర ఆ మాటెత్తితే ఆవిడ కొంగు సర్దుకుని కిటికీ వైపు చూసేవారు. "మీ మామయ్య నన్ను దగ్గర నిలబెట్టి కట్టించినదమ్మా అది. పడగొట్టుకోండి. ఇంక ఈ ఇంట్లో నాదంటూ ఏముందిలే." నాకు మనసు చివుక్కుమనేది. వెంటనే నడుం కలుక్కుమనేది. రెండోదే ఎక్కువసేపు ఉండేది.

చివరికి సింకులో ఒక టబ్బు బోర్లించి, దాని మీద గిన్నెలు పెట్టి తోమడం మొదలుపెట్టాను. నడుం నన్ను కాస్త మర్చిపోయింది. ఆ వారం తిరక్కుండానే అత్తయ్య ఆ టబ్బును వెల్లకిలా తిప్పి అందులో దుప్పట్లు నానబెట్టారు. ఖాళీగా పడుందని అనుకున్నారట.

ఒక ఆదివారం మా ఆయనకి నా మీద జాలి పొంగింది. అల్లం దంచి, వెచ్చచేసి పట్టు వేస్తే నొప్పి లాగేస్తుందని చదివారు. రాతి రోలు తెచ్చి సింకు పక్కన గట్టు మీద పెట్టారు.

"నేల మీద పెట్టుకోండి. గట్టు రాయి ఆగదు," అన్నాను.

"వంగితే నడుం పట్టేస్తుంది," అన్నారు.

ఆయన ప్రేమగా, బలంగా దంచారు. కాసేపటికి ఠప్పుమంది. గట్టు రాయి అంచు నుంచి సింకు దాకా చీలిపోయింది. అల్లం మాత్రం మెత్తగా నలిగింది. ఆ పట్టు వేసుకుని, మండుతున్న నడుముతో, పగిలిన గట్టు ముందే వంగి రాత్రి గిన్నెలు కడిగాను.

మేస్త్రి వచ్చి కింద తట్టి చూసి, ఇటుకలు కూడా పట్టు వదిలేశాయన్నాడు. మొత్తం తీసి కొత్తగా కట్టాలట. నాకు లోలోపల ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు ఎంత ఎత్తు పెడితే అంతే, నేనీ వంటింట్లో ఉన్నన్నాళ్లూ. ఆ సంతోషం భోజనాల దాకా కూడా నిలవలేదు.

"పాత ఎత్తులోనే కట్టిద్దాం. అమ్మకి మాటిచ్చాను," అన్నారాయన.

"మరి నా నడుము?"

"దానికి మనం అన్నీ చేస్తున్నాం కదా. ఎత్తు సంగతి ఇంకోసారి చూద్దాం."

"ఇంకోసారి ఆ రాయి పగలాలంటే మీరు చాలా అల్లం దంచాలి."

ఆయన నవ్వారు. నేను జోకు వేశాననుకున్నారు.

పని మొదలయ్యే రోజు పొద్దున్నే, ఆ కోపంలో, గట్టు కింద ఉన్న గిన్నెలన్నీ ఒక్కదాన్నే మోసి ముందుగదిలో పెట్టాను. ఆఖరి గంగాళం దించుతుంటే నడుం పట్టేసింది. ఇక చాప మీద వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీ మీద పెట్టుకున్నాను. నాకు నిజంగా పనిచేసిన వైద్యం ఇదొక్కటే, దీనికి ఎవరూ ఏమీ వేయించక్కర్లేదు. అక్కణ్ణుంచి వంటిల్లు బాగా కనిపిస్తుంది.

మేస్త్రి పాత గట్టును పూర్తిగా పడగొట్టి, గోడ గీకి, సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు.

"ఇక్కడ గిన్నెలు కడిగేదెవరండీ? వచ్చి నిలబడితే మోచెయ్యి చూసి గీత పెడతాను."

"పాత ఎత్తే పెట్టు," అన్నారు మా ఆయన.

"పాతదెక్కడుంది సార్, బస్తాల్లోకి పోయింది. ముందే చెబితే గుర్తు ఉంచేవాణ్ణి. కలిపిన సిమెంటు మాలు గట్టిపడుతోంది, ఎవరో ఒకరు రండి."

అత్తయ్య చెయ్యి మడుచుకుని బయల్దేరారు, కొలతకి ఆవిడకన్నా అర్హులు లేనట్టు.

"మంచిది అత్తయ్యా, మీ ఎత్తుకే పెట్టించుకోండి," అన్నాను కింద నుంచి. "నేనెలాగూ ఇంక వంగలేను. మీ చేతికి సరిపోతే మీరే కడుక్కోవచ్చు, ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు."

ఆవిడ గుమ్మంలో ఆగిపోయారు. మడిచిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. "నా మోకాళ్లతో నేనెక్కడ నిలబడతానే," అని పక్కకి తప్పుకున్నారు. "నువ్వే లే."

నేను లేవగలిగేదాన్నే. పక్కకి తిరిగి, చెయ్యి ఊనుకుని, ఆడపడుచు చెప్పినట్టుగా. ఇన్నేళ్లుగా అడుగుతున్న ఎత్తు ఆ గుమ్మం అవతలే ఉంది. కుర్చీ మీంచి ఒక కాలు దించాను కూడా.

"నువ్వు లేవకు," అన్నారు మా ఆయన. "నిలబడే పద్ధతి తెలియనివాళ్లు నిలబడితే కొలత తప్పు వస్తుంది."

దించిన కాలు తీసి మళ్లీ కుర్చీ మీద పెట్టేశాను.

"నిజమే," అన్నాను. "మీరే నిలబడి చూపించండి."

నేను అత్తయ్య కన్నా ఎంత పొడుగో, ఆయన నాకన్నా అంత పొడుగు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలిసిందే, గుర్తుచేయడం నా పని కాదనుకున్నాను. ఆయన గోడ ముందుకెళ్లి, భుజాలు వెనక్కి విరిచి, ఛాతీ నిలబెట్టి, పుస్తకంలో బొమ్మలా చెయ్యి మడిచారు. మేస్త్రి గీత గీశాడు.

"మీ నాన్న కూడా ఇలాగే దగ్గరుండి గీయించారురా," అన్నారు అత్తయ్య, కొంచెం మెత్తబడిన గొంతుతో.

గట్టు ఆరాక వెళ్లి నిలబడి చూశాను. అంచు నా పక్కటెముకల దాకా వచ్చింది. సింకు అడుగు అందాలంటే మునివేళ్ల మీద లేవాలి.

"స్టూలు వేసుకో," అన్నారాయన, కాస్త కంగారుగా.

"ఎక్కి దిగడం నడుముకి మంచిది కాదని మీరేగా చదివారు."

చదివారు మరి. అత్తయ్య తన గ్లాసు పట్టుకుని కాసేపు గట్టు వైపు చూసి, తనకెలాగూ అందదని కొడుకు చేతిలో పెట్టి, తృప్తిగా వెళ్లి కూర్చున్నారు.

నిన్న రాత్రి ఆడపడుచు ఫోన్ చేసింది. ఆయనకి చేతులు ఖాళీ లేక స్పీకరు పెట్టారు.

"వదిన నడుం ఎలా ఉందన్నయ్యా?"

"బాగా తగ్గింది. నడిపించాను, అల్లం పట్టు వేయించాను. ఓపిగ్గా చెయ్యాలంతే."

"అన్నయ్యా, ఆ చప్పుడేంటి?"

ఆయన కుళాయి కట్టేసి, ముందుగదిలో కుర్చీ మీద పిక్కలు పెట్టుకుని పడుకున్న నా వైపు తిరిగారు.

"ఈ గట్టు నీకు మరీ ఎత్తయిపోయింది కదూ?"

"మీకెలా ఉంది?" అన్నాను.

ఆయన మోచేతులు చూసుకున్నారు, వీపు ఒకసారి సరిచేసుకున్నారు. నిజాయితీ గల మనిషి.

"నాకు సరిగ్గానే ఉంది."

"అయితే మేస్త్రి కొలతలో తప్పేం లేదండీ," అని రెండో మోకాలు గుండెకేసి లాక్కున్నాను.