పై దవడ, చిన్న అద్దం

నేను ఒక తలను. మొండెం లేదు. దంత వైద్య కళాశాలల్లో నన్ను ఫాంటమ్ హెడ్ అంటారు. ఇనుప పుర్రె, రబ్బరు బుగ్గలు, మరలతో బిగించే రెండు దవడలు, ముప్పై రెండు ప్లాస్టిక్ పళ్లు. నాకు నొప్పి తెలియదు కాబట్టి, మనుషుల జోలికి పోకముందు పిల్లలు నా నోట్లోనే చెయ్యి తిప్పుకోవాలి. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో లారీ ఎక్కి, గోదావరి జిల్లాలోని ఒక కాలేజీకి చేరాను.

ఎన్ని బ్యాచ్‌లు చూశానో! పన్ను పాడైతే తప్పు డ్రిల్లుది, లైటుది, చివరికి నాది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా బుగ్గ బిగుతుగా ఉందని తిట్టినవాళ్లూ ఉన్నారు. ఆ గోల ఇప్పుడు మళ్లీ వినాలని ఉంది.

అందరిలోకీ గంగాభవాని బాగా గుర్తు. పాలకొల్లు అమ్మాయి. పై దవడ పళ్లలో సిమెంటు నింపే గుంటను చిన్న అద్దంలో చూస్తూ చెక్కాలి. అద్దంలో చూస్తే చెయ్యి మాట వినదు. అందుకని మాకు కాపలా ఉండి పని నేర్పే వేదమణి మేడమ్ అటు తిరగగానే భవాని మర విప్పి, దవడను అరచేతిలో పెట్టుకుని చెక్కేసేది. గుంట ముచ్చటగా వచ్చేది. పరీక్షనాడు మరల మీద సీలు వేశారు. భవాని ఫెయిలైంది.

ఆరునెలల తర్వాత పెట్టే పరీక్ష కూడా పోతే, తోటివాళ్లు రోగుల దగ్గరికి వెళ్తారు, తను నా దగ్గరే ఉండిపోతుంది. నా బుగ్గ మీద చెయ్యి వేసి ఏడ్చింది. నాకు చాలా బాధేసింది.

తర్వాత ఎవరూ చెప్పకుండానే రోజూ భోజనాల వేళ వచ్చేది. తన చేతిని తనే నమ్మక, మరల మీద ప్లాస్టర్ అంటించుకుంది. చెక్కడమయ్యాక, మేడమ్‌కు చూపించకముందే పదికి తన మార్కులు తనే నోట్‌బుక్కులో వేసుకునేది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, మొదట్లో తను ఎనిమిది వేసుకుంటే మేడమ్ మూడు వేసేది. తేడా ఎక్కడొచ్చిందో రాసుకుని, మర్నాడు ఆ ఒక్కదాని మీదే కూర్చునేది. ఒకరోజు గుంట లోతు, ఇంకోరోజు అద్దం పట్టే పద్ధతి. నాలుగో నెలకు రెండు అంకెలూ కలిశాయి. తర్వాత తరచూ భవాని వేసుకున్నదే తక్కువగా ఉండేది.

పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. భవాని అద్దంలో చూస్తూ చక్కగా చెక్కింది. అంతా అయిపోయిందనగా డ్రిల్లు కొస పక్క పన్నుకు తగిలింది. వెంట్రుకంత గీత. ఆయన టార్చి వేసి చూసి, బాగుందని పెన్ను తీశారు. చెప్పకు తల్లీ, అనుకున్నాను. నాకు నోరుంది గానీ మాట లేదు.

"సార్, పక్క పన్నుకి గీత పడిందండి. అద్దం పెట్టి చూడండి."

ఆయన చూశారు. "నువ్వు చెప్పకపోతే నాకు కనపడేది కాదమ్మా."

"నాకు కనపడిపోయిందండి."

మార్కులు కోశారు. ఒక్క మార్కుతో గట్టెక్కింది.

ఆ తర్వాత భవాని నా దగ్గరికి రాలేదు. రానక్కర్లేదు కూడా. నా బుగ్గలు చిరిగి, ఇప్పుడు స్టోర్ రూములో ఉన్నాను. కొత్త తలలకు కంప్యూటరు ఉందట, తప్పు జరగ్గానే మోగుతుందట. మంచిదే. భవాని ముందు మొదటిసారి నోరు తెరిచిన మనిషెవరో నాకు తెలియదు. ఎవరైతేనేం, నిశ్చింతగా తెరవచ్చు.