విమానం ఎవరు కూల్చినట్టు?

మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంటసేపు, మేం తయారుచేస్తున్న ఆటను మేమే ఆడి చూడాలని మా ఆఫీసులో నియమం. అది యుద్ధ విమానాల ఆట. ఆ సోమవారం నేను ఒక శత్రు విమానం వెంట పదకొండు నిమిషాలు పడ్డాను. అది మబ్బుల్లో దూరితే నేనూ దూరాను, సముద్రం మీదికి దిగితే నేనూ దిగాను. దాని కుడి రెక్క సగం ఊడగొట్టాను. ఇంజనుకు నిప్పంటించాను. అప్పుడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో మా బావమరిది, దాని తోక మీద నాలుగు తూటాలు చల్లి చక్కా పోయాడు. విమానం నీళ్ళలో పడింది. తెర మీద పెద్ద అక్షరాల్లో 'కూల్చినవారు' అని వాడి పేరు వెలిగింది. దాని కింద, కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప కనిపించని అక్షరాల్లో నా పేరు, పక్కన 'సహాయం' అన్న మాట.

"సహాయమా! ఎవడికి ఎవడు సహాయం?" అని అరిచాను.

"థాంక్స్ బావా," అన్నాడు పక్క కుర్చీలోంచి, బిస్కెట్ నములుతూ. "బాగా ఉడికించి పెట్టావు. నేను పొయ్యి మీంచి దించానంతే."

వీణ్ణి ఈ ఉద్యోగంలో చేర్పించింది నేనే. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు, ఖాళీగా ఉన్నాడు కదా అని జాలిపడ్డాను. ఆ జాలిని ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

ఎందుకంటే వాడి దొంగబుద్ధి ఆటతో ఆగదు. మా ఆఫీసు గోడకి ఒక బోర్డు ఉంది. ఆటలో దొరికిన ప్రతి తప్పూ, మా భాషలో బగ్గు, దాని మీదికి ఎక్కుతుంది. దాన్ని సరిచేసి 'మూసేశాను' అని నొక్కినవాడి పేరున ఒక గీత పడుతుంది. నేను మూడు రోజులు తల బద్దలు కొట్టుకుని ఒక బగ్గును చివరికి తెచ్చి, టీ తాగి వచ్చేలోపు వీడు ఒక లైను సర్ది మూసేసేవాడు. అలా వాడివి అరవై ఒకటి, నావి యాభై ఎనిమిది. మా టీమ్ లీడర్ వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయి కుర్చీ ఖాళీగా ఉంది. బోర్డు మీద ఎవరిది పైచేయి అయితే వాళ్ళకే ఇస్తాను, శుక్రవారం చెబుతాను అన్నాడు మా బాసు.

మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఆ కుర్చీ నాకు కావాలి. ఎనిమిదేళ్ళుగా కావాలి. అది వాడికి పోతే నా బతుకేమిటో ఆలోచించండి. సెలవు కావాలంటే బావమరిదిని అడగాలి. వాడు "అక్కతో మాట్లాడి చెబుతా" అంటాడు.

మంగళవారం మీటింగులో బల్ల గుద్దాను. "సార్, ఆఖరి తూటా పేల్చినవాడిదే విమానం అంటే ఈ ఆట ఎవడూ ఆడడు. కష్టపడేవాడు ఒకడు, పేరు ఇంకొకడిదా?"

"ఆఖరి తూటా లేకపోతే అది పడేది కాదు కదా సార్," అన్నాడు బావమరిది. "బావ దాని వెనకాల ఊరేగుతూనే ఉండేవాడు."

మా పిన్నిగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. ఈవిడ మా టెస్టరు. ఆఫీసులో అందరికంటే పెద్దావిడ కాబట్టి అందరికీ పిన్నిగారు. ఆటను ఎన్ని తప్పుడు రకాలుగా ఆడవచ్చో అన్ని రకాలుగా ఆడి, బగ్గులు పట్టి, రెండే వేళ్ళతో రిపోర్టులు కొట్టడం ఆవిడ పని. ఆవిడ సరే అనకుండా మా ఆఫీసు నుంచి ఏ కోడూ బయటికి పోదు.

"ఒకడు ఇంజను కాల్చాడనుకో నాయనా," అన్నారు ఆవిడ నాతో. "ఇంకొకడు దాన్ని తరిమి తరిమి కొండకి గుద్దించాడు. అప్పుడు ఎవరిది?"

"ఇంజను కాల్చినవాడిది."

"ఇంజను కాలినా అది ఎలాగో వాళ్ళ స్థావరానికి చేరిపోయి, దిగేటప్పుడు చక్రం విరిగి పడితే?"

"అదీ... కాల్చినవాడిదే."

"ఒక్క తూటా తగలకుండానే లోపలివాడు భయపడి దూకేస్తే?"

బావమరిది నవ్వాడు. ఆవిడే అందుకున్నారు. "చివర ఎవరు ముట్టుకున్నారని కాకుండా, ఇక తిరిగి ఇంటికి పోలేని స్థితికి దాన్ని ఎవరు తెచ్చారో చూడండి. విమానం వాళ్ళది. మిగతావాళ్ళది సహాయం."

"నేను చెబుతున్నదీ అదే సార్!" అన్నాను వెంటనే.

బాసుకు అది తెగ నచ్చేసింది. "భలే చెప్పావయ్యా! కోడ్ రాసెయ్," అన్నాడు నాతో. తర్వాత గోడ మీది బోర్డు వైపు చూశాడు. "ఇంకో మాట. మన బోర్డుకీ ఇదే లెక్క పెడితే ఎలా ఉంటుంది? విమానం బదులు బగ్గు, తూటాల బదులు ఎవరెవరు చేసిన పని. కోడ్ ఒకటే కదా?"

మామూలు ఆఫీసుల్లో ఇలాంటి ఆలోచన ఎవరికైనా వస్తే మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతారు. మేం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

ఇంటికి వెళ్ళేసరికి వార్త నా కంటే ముందే చేరింది. "నా తమ్ముడి నోటి దగ్గరి కూడు తీసేస్తున్నారటగా," అంది నా భార్య గుమ్మంలోనే.

"కూడు నాది. వాడు నోరు మాత్రం తెచ్చుకున్నాడు," అన్నాను. ఆ పూట గిన్నెలు నేనే కడిగాను.

బుధవారమంతా కూర్చుని కోడ్ రాశాను. గురువారం ఉదయం పదింటికి మూడేళ్ళ బగ్గుల చరిత్ర మొత్తం అందులో పోసి నొక్కాను. పిన్నిగారు నూట పద్దెనిమిది. బావమరిది పద్నాలుగు. నేను పదకొండు.

ఎక్కడో తప్పు జరిగిందనుకుని మళ్ళీ నొక్కాను. అవే అంకెలు. ఒళ్ళు మండిపోయింది. పిన్నిగారి సంగతి తర్వాత, ఆ వెధవ కంటే నేను మూడు తక్కువేమిటి?

నా ఘనకార్యం ఒకటుంది, తలకిందుల మబ్బుల బగ్గు. సముద్రం మీదికి వెళ్ళగానే మబ్బులన్నీ విమానం కిందికి వచ్చేసి బోర్లా పడి తేలేవి. నాలుగు రోజులు నిద్రాహారాలు మాని దాన్ని పట్టుకున్నాను. ఆ రోజు ఆఫీసంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆ కథ నేనే చెబుతాను, టీ చల్లారిపోయేదాకా చెబుతాను. తీరా చూస్తే ఆ బగ్గు కూడా పిన్నిగారి పేరునే ఉంది. నా పేరు పక్కన 'సహాయం'.

దాని మీద ఆవిడ రాసిన రిపోర్టు తెరిచాను. మొత్తం ఐదు లైన్లు. ఐదో లైను: "సముద్రం మీద ఎత్తు లెక్కలో ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పడుతోందేమో చూడగలరు."

నాలుగు రోజుల తర్వాత నేను చేసిందల్లా ఒక మైనస్‌ను ప్లస్ చేయడమే. ఆవిడ రిపోర్టుల్లో మొదటి రెండు లైన్లు దాటి నేను ఎప్పుడూ చదవలేదు. "పిన్నిగారూ, మీరు బటన్లు నొక్కి చెప్పండి చాలు, కారణాలు మేం చూసుకుంటాం," అని ఒకసారి పెద్ద మనసుతో అన్నాను కూడా. అది గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

చెవులు వేడెక్కినా చెయ్యి ఆగలేదు. నా కోడ్‌లో, రిపోర్టు రాసిన పనికి విలువ 'ఒకటి' అని పెట్టిన లైను ఒకటుంది. టెస్టర్లు తూటాలు పేల్చరు కదా, దారి చూపిస్తారంతే, అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఆ ఒకటిని సున్నా చేశాను. అప్పటికి పదకొండైంది. మళ్ళీ నొక్కాను. నేను డెబ్బై నాలుగు, బావమరిది యాభై రెండు, పిన్నిగారు సున్నా. ప్రాణం లేచి వచ్చింది.

మధ్యాహ్నం పిన్నిగారు వచ్చి, "జరుగు నాయనా," అని నా కుర్చీలో కూర్చున్నారు. రెండు గంటలు విమానాలు కూల్చారు, కొండలకు గుద్దించారు, చక్రాలు విరిచారు. తర్వాత బగ్గుల లెక్క తెరిచారు. తన పేరు పక్కన సున్నా చూశారు.

"అంతా బాగానే ఉందా పిన్నిగారూ?" అన్నాను.

"విమానాలు బాగున్నాయి. మిగతాది రాసి పెడతాను," అని లేచి వెళ్ళిపోయారు. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. తెరవడానికి నాకు ధైర్యం చాలలేదు.

శుక్రవారం మీటింగులో దాన్ని బాసే పైకి చదివాడు. మొదటి నాలుగు లైన్లు విమానాల గురించి. ఐదో లైను దగ్గర ఆగి, నెమ్మదిగా చదివాడు. "రిపోర్టు రాసిన పనికి విలువ గురువారం పదకొండింటి వరకు ఒకటి ఉంది, తర్వాత సున్నా అయింది. పొరపాటు అయివుంటుంది, చూడగలరు."

బాసు తెర మీద ఆ ఫైలు తెరిచాడు. చివరగా మార్చినవారి పేరు పైన కనిపిస్తోంది. అది మా బావమరిది పేరు. నిన్న సాయంత్రం అలవాటు కొద్దీ నా ఫైలు తెరిచి, ఏదో ఒకటి సర్ది వెళ్ళాడన్నమాట.

"ఏమయ్యా, ఇది నీ పనేనా?" అన్నాడు బాసు.

"నేనా? నేను ఒక కామా మార్చానంతే సా..." అంటూ వాడు నావైపు తిరిగాడు. నా మొహం ఎలా ఉందో ఏమో, సగంలో ఆగిపోయాడు. బల్ల వైపు చూస్తూ, "అవును సార్. నేనే. పొరపాటైంది," అన్నాడు.

నోరు మూసుకుని కూర్చుంటే చాలు, నేను గట్టెక్కుతాను. మూడేళ్ళుగా నావన్నీ ఎత్తుకుపోయినవాడు ఇప్పుడు నా తప్పును కూడా తన పేరున వేసుకుంటున్నాడు. వాడి మీద నాకు మొదటిసారి ప్రేమ పుట్టుకొచ్చింది, దాంతోపాటు భరించలేనంత సిగ్గు కూడా.

"వాడు కాదు సార్," అన్నాను లేచి. "ఆ సున్నా నేను పెట్టాను. తెలిసే పెట్టాను. అందులో ఎవరి సహాయమూ లేదు."

బాసు అక్కడే నా చేత సున్నాను ఒకటి చేయించి, లెక్క నొక్కమన్నాడు. నూట పద్దెనిమిది తెర మీదికి వచ్చింది. కుర్చీ పిన్నిగారిదని చెప్పేశాడు. బావమరిది ఈల వేశాడు.

అందరూ వెళ్ళాక పిన్నిగారి బల్ల దగ్గరికి వెళ్ళాను. అప్పటిదాకా కూడగట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "మబ్బుల బగ్గు మీ పేరునే ఉండాల్సింది పిన్నిగారూ. నన్ను క్షమించండి," అన్నాను.

"దానికి క్షమాపణ ఎందుకు నాయనా?" అన్నారు ఆవిడ ఆశ్చర్యంగా. "ఆ రోజు నేనూ లేచి చప్పట్లు కొట్టానుగా. నువ్వు నా ఐదో లైను చదివి సరిచేశావనే అనుకున్నాను. నేను రాసింది ఒకరైనా చివరిదాకా చదివారని ఆ రోజంతా ఎంత సంతోషపడ్డానో."

నేను నా బల్ల దగ్గరికి వెళ్ళి, ఆవిడ పాత రిపోర్టుల్లో మొదటిది తెరిచి చివరి లైను దాకా చదివాను.