ఆయన ఆడని అబద్ధం

మందు సీసాల మీది కాగితాన్ని వేడినీళ్ళలో నానబెట్టి గోటితో గీకెయ్యడం, రెండు నెలలుగా ఆ ఇంటి కోడలికి వంటపనిలో భాగమైపోయింది. అత్తగారికి చదువొచ్చు, కళ్ళజోడు పెట్టుకుని మరీ చదువుతుంది. అందుకని గీకిన చోట తెల్లకాగితం అంటించి, "రక్తం పట్టడానికి" అని గుండ్రంగా రాస్తుంది.

ఈ ఏర్పాటు భర్తది. ఆయన కాలేజీలో నీతిశాస్త్రం చెబుతాడు. క్యాన్సర్ ముదిరిపోయింది, మూడు నెలలు గడిస్తే గొప్ప అని డాక్టరు అన్న రోజున, అమ్మకి తెలియకూడదని ఆయనే తీర్పు ఇచ్చాడు. తీర్పు ఆయనది, అమలు భార్యది.

"నా నోటితో నేను అబద్ధం ఆడలేను. అమ్మ అడిగితే నువ్వే ఏదో ఒకటి చెప్పు," అన్నాడు.

తల్లి తన జబ్బు సంగతి ఎత్తగానే ఆయనకి దాహం వేసేది. మంచినీళ్ళకని లేచిన మనిషి, భార్య జవాబు పూర్తయ్యాక గానీ తిరిగొచ్చేవాడు కాదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఒక్క అబద్ధమూ ఆడలేదు మహానుభావుడు.

ఆడిందంతా ఆమే. నిన్న ఏం చెప్పిందో గుర్తుంచుకోవాలి, గదిలోకి అడుగుపెట్టేముందు ముఖం సర్దుకోవాలి. పక్కబట్టలు ఉతకడం దీనికంటే నయమనిపించేది.

అత్తగారికి ఉన్నది ఒకటే కోరిక. పదకొండేళ్ళుగా మాటల్లేని చెల్లెలి దగ్గరికి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాలి. ఫోన్ చేసి పిలిపిద్దామంటే ఒప్పుకునేది కాదు. మంచాన పడి పిలిస్తే జాలికోసం పిలిచినట్టుంటుందట. కాళ్ళల్లో కాస్త బలం రానీ, నేనే వెళ్తాననేది. ఆ బలం ఇక రాదని తెలిస్తే ఈ క్షణమే కబురు పంపుతుంది కదా, ఆవిడకి మిగిలిన నాలుగు రోజుల్ని నేను దొంగిలిస్తున్నాను కదా అని కోడలు లోలోపల కుమిలిపోయేది. అదే మాట భర్తతో అంటే, చెప్పావంటే చేతులారా చంపినట్టేనన్నాడు. చెబితే పాపం తనది, దాచితే పుణ్యం ఆయనది.

ఒక గురువారం, ఏమైతే అయిందని కోడలు మంచం పక్కన కూర్చుంది. ఆవిడే ముందు నోరు విప్పింది.

"నువ్వన్నట్టే మందు పనిచేస్తోందమ్మాయ్. ఇవాళ ఒళ్ళు తేలిగ్గా ఉంది."

చెప్పబోయిన మాట మానేసి, కోడలు సీసా మూత తీసి చెంచాలో మందు పోసింది. ఆదివారం పొద్దున ఆవిడ పోయింది.

చెల్లెలు వచ్చింది. అక్క పాదాల దగ్గర కూలబడి, ఒక్క కబురు చెయ్యడానికి మీకు నోరు రాలేదా అని అడిగింది. కోడలు భర్త వైపు చూసింది. ఈ ఒక్కదానికీ ఆయనే జవాబు చెప్పాలని, తను పెదవి విప్పకూడదని నిశ్చయించుకుంది.

ఈసారి ఆయన మంచినీళ్ళకి లేవలేదు.

"కబురు చెయ్యమని తనకి చెప్పాను పిన్నీ. పనుల్లో పడి మర్చిపోయింది."

గొంతు ఎక్కడా తడబడలేదు. పెద్దావిడ ఏడుపు ఆపి కోడలి వైపు తిరిగింది. నిజం చెప్పడానికే కోడలు నోరు తెరిచింది. కానీ రెండు నెలల అలవాటుకొద్దీ ముఖం దానంతటదే సర్దుకుంది.

"అవును పిన్నిగారూ, మర్చిపోయాను," అంది.