ఎలుక లేదు, ప్రాణం ఉంది

నేను ఒక ఇంక్యుబేటర్‌ను. పశువుల జబ్బుల మీద పరిశోధన జరిగే ప్రయోగశాలలో, ఎప్పుడూ మనిషి ఒంటి వేడితో ఉండే ఉక్కు పెట్టెను. కడుపులో పెట్టిన సీసాలను వెచ్చగా ఉంచడమే నా పని. పని అంతే గానీ దిగులుకు మాత్రం అంతు లేదు. తలుపు సరిగ్గా పడిందా? కరెంటు పోతే? బూజు ఏ సందులోంచైనా దూరితే? కడుపులో ఇంకొకరి ప్రాణం పెట్టుకున్నవాళ్ళకు నిద్రెక్కడిది!

ఏ దేశంలోనో నన్ను తయారుచేసి, చెక్కపెట్టెలో బిగించి ఓడెక్కించారు. మొదట నన్ను ఏలుకున్న ప్రొఫెసరుగారు దసరాకు నాకు బొట్టు పెట్టేవారు, మిగతా ఏడాదంతా తిట్టేవారు. ఆయన రిటైరయ్యాక, పీహెచ్‌డీ చేసే రజిత చేతికి వచ్చాను. అప్పటికే నా తలుపు రబ్బరు అరిగిపోయింది.

రజిత గొర్రెలు కాసే ఇంటి పిల్ల. నీలి నాలుక రోగం వచ్చి వాళ్ళ మంద కళ్ళముందే కూలిపోయింది. ఆ వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీ చేయాలని ఆమె పంతం. అందుకని ఒక చుంచెలుకకు చచ్చిన వైరస్ ఎక్కించింది. తర్వాత ఆ ఎలుకను చంపి, దాని కణాలను క్యాన్సర్ కణాలతో కలిపింది. అలా పుట్టినవాటికి చావు తెలియదు. మనుషులు చిత్రమైనవాళ్ళు, బతికించడానికి ముందు చంపుతారు.

అన్ని సీసాల్లోనూ ఒక్కదాంట్లోని కణాలే వైరస్‌ను గట్టిగా పట్టాయి. కొన్నిటిని గడ్డకట్టించి విడిగా దాచుకునేంతగా అవింకా పెరగలేదు. అవి పోతే రజిత చదువంతా పోయినట్టే. ఆ సీసాలో కణాలకు తిండిగా పోసిన గులాబీరంగు నీళ్ళు రోజురోజుకూ పసుపెక్కేవి. లోపలెవరో తింటున్నారన్నమాట. ఆ అరలో ఎవరో ముడుచుకుని పడుకున్నట్టే ఉండేది నాకు.

వానాకాలంలో ఒకరోజు పగలు, రజితను చూడటానికి ఆమె తల్లి కొమురమ్మ వచ్చింది. కరెంటు పోయి అప్పటికే చాలాసేపైంది. జనరేటరు దగ్గి దగ్గి ఊరుకుంది. నా వేడి దిగిపోతోంది. కొమురమ్మ నా మీద అరచెయ్యి వేసి ఉలిక్కిపడింది.

"దీని పెయ్యి సల్లబడుతున్నది బిడ్డా. ఎవలున్నరు లోపట?"

"ఎలుక కణాలమ్మా."

"ఎలుకేది?"

"ఎప్పుడో సచ్చింది."

"ఎలుక సచ్చి, పానం సీసల ఉన్నదా? ఊళ్ళె గిట్ల జేస్తే బాణామతని చెట్టుకు కట్టేసి కొడుదురు!"

రజిత నా తలుపు తీసి, సీసా మూత బిగించి, పైన ప్లాస్టిక్ సంచి తొడిగి, పొట్టకు అదుముకుంది. వానలో పుట్టిన గొర్రెపిల్లను గొంగడిలో ఒంటికి హత్తుకునే ఇంట్లో పెరిగింది మరి.

"అండ్ల రోగం లేదు గదా?"

"లేదే. వైరస్ వేరే గదిల ఉన్నది. ఇవి క్యాన్సర్‌తోని కలిపిన కణాలు, అంతే."

అంతే! కొమురమ్మ చెయ్యి చాపింది.

"క్యాన్సరా! రేపు పిల్లలు గావాల్సిన కడుపు నీది. ఇటియ్యి."

"సీసలకెల్లి బయటికేం రాదమ్మా."

"నాకు జెప్పకు. వస్తే నాకే రానీ."

లాక్కుంది. కొంగు చాటున పొట్టకు ఆనించుకుని, నాకు వీపు ఆనించి నేల మీద కూలబడింది. కళ్ళు మూసుకుంది. కాసేపటికి గొణిగింది.

"కదులుతున్నది."

సీసాలో కదిలేదేమీ ఉండదని నాకు తెలుసు. అయినా ఖాళీ అయిన నా కడుపు జలదరించింది.

సాయంత్రానికి కరెంటు వచ్చింది. కొమురమ్మ సీసాను వెంటనే ఇవ్వలేదు; రజిత ఆమె వేళ్ళను ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. మర్నాడు మైక్రోస్కోపులో కణాలు బతికి కనిపించాయి. మందలో రోగాన్ని ముందే పసిగట్టే పరీక్ష వాటితోనే తయారైంది. రజితకు డాక్టరేటు వచ్చింది, అదే ప్రయోగశాలలో ఉద్యోగం వచ్చింది.

తర్వాత కొమురమ్మ పోయింది. మామూలు జ్వరమే అన్నారు. ఆ కణాలకు రజిత తల్లి పేరే పెట్టింది.

ఇప్పుడు నేను పక్కన సామాన్ల గదిలో, విరిగిన కుర్చీల మధ్య ఉన్నాను. కొత్త పెట్టె ఉన్న గదిలోంచి రోజూ రజిత, ఆమె శిష్యురాలి మాటలు వినిపిస్తాయి.

"కొమురమ్మకు తిండి పెట్టినవా?"

"పెట్టిన మేడమ్. ఇంకా అడుగుతున్నది."