దాత సంతకం

భర్తతో ఆమెకున్న చిక్కల్లా ఒక్కటే. ఆయనకు తెలియని విషయం ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. నీళ్ళ మోటారు ఆగిపోతే మెకానిక్కు పక్కన నిలబడి అతనికే మోటారు గురించి పాఠం చెబుతాడు. పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు కూడా మధ్యలో ఏదో చెప్పబోతాడు. అంతటి మనిషి పద్నాలుగు నెలలుగా ఒక్క సంగతిలో మాత్రం మహా వినయంగా ఉంటున్నాడు. కన్నతల్లి కాలి పుండుకు కట్టు కట్టడం ఆయనకు రాదట. "అది నీ చేతికి అలవాటైన పని" అని గుమ్మం దగ్గరే ఆగిపోతాడు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

అత్తగారికి ముప్ఫై ఏళ్ళుగా షుగరు. కాళ్ళలో స్పర్శ ఎప్పుడో పోయింది. చెప్పులో చిన్న రాయి దూరితే రెండు రోజులదాకా ఆవిడకు తెలియలేదు. కుడి బొటనవేలి కింద లేచిన ఆ పొక్కే పుండై, చొక్కా గుండీ అంత ఉన్నది అగ్గిపెట్టె అంతైంది. రోజూ పొద్దున్నే పీట వేసుకుని ఆ కాలు ఒళ్ళో పెట్టుకోవాలి. పాత కట్టును సెలైన్‌తో తడిపి, లాగకుండా ఊడదీయాలి. లోపల తుడిచి, అంచులు తెల్లగా నానాయా ఎర్రగా ఉన్నాయా చూడాలి. ఆ తర్వాత వంగి వాసన చూడాలి. ఈ చివరి పని ఆమెకు ఎవరూ నేర్పలేదు, తనంతట తనే నేర్చుకుంది. కిందటి చలికాలంలో జ్వరం రావడానికి రెండు రోజుల ముందే, వాసన మారిందని ఆస్పత్రికి తీసుకెళ్ళమంది. వేళకు తీసుకొచ్చారని డాక్టరు ఆయన భుజం తట్టాడు. ఆయన తట్టించుకున్నాడు.

చూడ్డానికి వచ్చినవాళ్ళతో అత్తగారు, "దీని చెయ్యి కాస్త మోటు. మా అమ్మాయైతే పువ్వును పట్టుకున్నట్టు పట్టుకునేది" అంటుంది. స్పర్శే లేని కాలికి చెయ్యి మోటని ఎలా తెలిసిందని అడగాలని ఆమెకు చాలాసార్లు అనిపించింది. అడిగితే నోరు కూడా మోటంటారని ఊరుకుంది. ఆ పువ్వుల చేతుల ఆడపడుచు వారానికోసారి వీడియోలో కనిపించి, "వదినా, అమ్మ కాలు జాగ్రత్త" అని చెప్పి, ఫోను మాత్రం ఆ వైపు తిప్పొద్దంటుంది. అది ఆవిడ భోంచేసే వేళ.

ఇలా ఉండగా డాక్టరు ఒక కొత్త సంగతి చెప్పాడు. వాళ్ళ ఆస్పత్రిలో పరిశోధన ఒకటి నడుస్తోంది. పొట్ట మీది కొవ్వులోంచి మూలకణాలు తీసి, ల్యాబులో కొన్ని వారాలు పెంచి, పుండు అంచుల్లోకి ఎక్కిస్తారు. మానుతుందని మాటివ్వలేనన్నాడు. కానీ ఇదీ కుదరకపోతే పాదం ముందు భాగం తీసెయ్యక తప్పదన్నాడు. అన్నేళ్ళు షుగరులో నానిన అత్తగారి కణాలు అలిసిపోయి ఉంటాయట, అందుకని ఆరోగ్యంగా ఉన్నవాళ్ళెవరైనా ఇస్తే మంచిదట. రక్తసంబంధం ఉండాలన్న పట్టింపు కూడా లేదట. ఆ మాట వినగానే గదిలో చూపులన్నీ ఆమె వైపు తిరిగాయి.

"మా ఆవిడ ఇస్తుందిలెండి డాక్టర్ గారూ. ఆవిడ దగ్గర కావలసినంత స్టాకుంది" అన్నాడాయన.

డాక్టరు నవ్వాడు. మూలనున్న నర్సూ నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు ఆయన మాటకంటే ఆ నవ్వే ఆమెను ఎక్కువ తొలిచింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె బాగా నేర్చుకున్నది వంట కాదు, ఇదే. తన మీద వేసిన జోకుకు అందరికంటే ముందు తనే నవ్వెయ్యడం.

ఇంటికొచ్చాక ఆయన సోఫాలో కూర్చుని మూలకణాలంటే ఏమిటో ఆమెకు వివరించాడు. కణం అంటే ఇటుక లాంటిది అని మొదలుపెట్టాడు. ఆమె డిగ్రీలో మూడేళ్ళు జంతుశాస్త్రం చదివి, మైక్రోస్కోపులో చూసి కణాల బొమ్మలు గీసి, ఫస్టు క్లాసులో పాసైన మనిషి. ఇటుక గోడ పూర్తయ్యేదాకా ఓపిగ్గా విని, కుక్కరు కట్టెయ్యడానికి లేచింది. ఆడపడుచు ఫోనులో, పైసా ఖర్చు లేకుండా వదిన పొట్ట తగ్గిపోతుందని సంబరపడింది. అత్తగారికి మాత్రం మనసులో ఒక గింజులాట. కొడుకు ఒంటి మీద కత్తి పడనవసరం లేదు, అది సరే. కానీ పరాయి ఇంటిపిల్ల కొవ్వు తన ఒంట్లోకా అని నసిగింది. ఇరవై రెండేళ్ళుగా ఆ పరాయి పిల్ల వండింది తిన్న ఒళ్ళే కదా అని ఆమె అనుకుంది.

నమూనా తీసే ముందు దాతతో మాట్లాడాలని ఆస్పత్రి నుంచి పిలుపొచ్చింది. అక్కడ ఒక నియమం ఉంది. దాత ఒక్కరే గదిలోకి రావాలి, తలుపు వెయ్యాలి. ఆయన ఆమె వెనకాలే లోపలికి రాబోయాడు. తమ మధ్య దాపరికాలేమీ లేవన్నాడు. దాతలతో మాట్లాడే కౌన్సిలరు కుర్రదే కానీ గట్టిది. లేకపోతే సంతోషమండీ, కాసేపు బయట కూర్చోండి అని తలుపేసింది.

బొడ్డు పక్కన చిన్న రంధ్రం చేస్తారు, మత్తు సూది ఇచ్చి సన్నని గొట్టంతో కొవ్వు లాగుతారు, నాలుగైదు రోజులు కమిలి ఉంటుంది, రెండు రోజులు వంగకూడదు, బరువులెత్తకూడదు, అరుదుగా చీము పట్టొచ్చు. అన్నీ ఒక్కొక్కటే చెప్పింది కౌన్సిలరు. ఆ రెండు రోజులూ ఇంట్లో సాయానికి ఎవరుంటారని అడిగింది. వంగకపోతే ఆ కాలికి కట్టెవరు కడతారు? ఆమెకు నవ్వొచ్చింది. ఈసారి నిజంగానే వచ్చింది.

"చివరగా ఒక్కటి. మీకు ఇష్టమేనా అమ్మా?"

ఎంత మామూలు ప్రశ్న. ఆమెకు సూదంటే భయం లేదు. అత్తగారి కాలు పోవాలనీ లేదు. ఆ పాదం గీతలు తన అరచేతి గీతలకంటే తనకు బాగా తెలుసు. ఆ రోజు డాక్టరు గదిలోంచి బయటికొచ్చాక, కారెక్కే ముందు, ఆయన ఒక్కసారి ఆగి "ఇస్తావా?" అని అడిగి ఉంటే ఇచ్చేసేది. ఆ సంగతి తనకు తెలుసు కాబట్టే కడుపు మండింది.

ఆమె పెన్ను అందుకోకపోవడం చూసి కౌన్సిలరు గొంతు తగ్గించింది. ఇష్టం లేకపోతే ఫరవాలేదంది. కాగితం మీద 'దాతగా తగరు' అని మాత్రం రాస్తామని, కారణం ఇంట్లోవాళ్ళెంత అడిగినా చెప్పమని, చాలామంది అలా రాయించుకునే వెళ్తారని చెప్పింది. ఆమె ఆలోచించింది. మంచి దారే. గొడవుండదు. కానీ రేపటినుంచి ఆయన ప్రతి చుట్టానికీ ఏం చెబుతాడో ఇప్పుడే వినిపించింది. ఆఖరికి మా ఆవిడ కొవ్వు కూడా పనికిరాలేదండీ అంటాడు. దానికీ తనే ముందు నవ్వాలి.

"తగరు అని రాయకమ్మా. నేను తగుతాను. ఇష్టం లేదని రాయి" అంది.

రాసిన కాగితం కింద సంతకం పెట్టి, తన చేత్తోనే తీసుకెళ్ళి ఆయనకిచ్చింది. ఆయన రెండుసార్లు చదివి, వీళ్ళెవరో పొరపాటు రాశారన్నాడు. పొరపాటు కాదు, నేనే రాయించానంది. ఆయన ఇంటికి రాగానే తల్లితో, నీ కాలు పోయినా నీ కోడలికి పట్టదటమ్మా అన్నాడు. ఆడపడుచు ఫోనులో ఏడ్చింది. అన్నీ విన్నాక ఆమె ఒకే ఒక్క మాట అంది, అదీ కూర తరుగుతూనే. దాత ఎవరైనా కావచ్చన్నారు. ఆయనకు షుగరు లేదు, బీపీ లేదు, తనకంటే ఓ గుప్పెడు పొట్ట ఎక్కువే ఉంది. దాత ఎవరో చెప్పడానికి నెలాఖరుదాకా గడువుంది.

గడువు లోపల బయటపడ్డ విషయాలు అన్నీ ఇన్నీ కావు. ఆయనకు ఆఫీసులో ఊపిరాడని పని ఉంది. చిన్నప్పుడు సూది చూసి స్పృహ తప్పిన చరిత్ర ఉంది. ఆడపడుచుకు మత్తుమందు పడదు, ఒకవేళ పడినా పిల్లల పరీక్షలున్నాయి. అత్తగారు మంచం మీంచి ఇవన్నీ వింటూ వచ్చింది. ఆమె మాత్రం రోజూ లాగే పీట వేసుకుని, కాలు ఒళ్ళో పెట్టుకుని, వంగి వాసన చూస్తూనే ఉంది. పుండుతో ఆమెకు తగువు లేదు.

ఆ కాగితం తెచ్చిన ఐదోరోజు పొద్దున, ఆమె కట్టు కడుతుండగా, అత్తగారు గుమ్మంలో ఉన్న కొడుకును పిలిచింది.

"నువ్విస్తావురా?"

"అమ్మా, ఈ నెల నా పరిస్థితి నీకు తెలీదు..."

"దీన్నెవరైనా అడిగారా, దీని పరిస్థితి?"

ఆయన ఫోను తీసి, ఆస్పత్రి నంబరు ఎక్కడుందని భార్యనే అడిగాడు. తెలియదని ఆయన అడగడం ఆ ఇంట్లో అరుదైన ఘట్టం. ఆమె తలెత్తకుండా, తను సంతకం పెట్టిన కాగితం వెనక ఉందని చెప్పింది. ఆయన హాల్లోకి వెళ్ళి, రేపు పది గంటలకైతే రాగలనని ఎవరితోనో మెల్లగా అనడం వినిపించింది.

ఆమె పట్టీ చివర అంటించి, కాలు దిండు మీద పెట్టి లేవబోయింది. అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"తప్పు నాదేనమ్మా" అంది, హాల్లోకి వినపడేలా. "నీ ఒళ్ళు నీదని నాకు తోచనే లేదు. మీ మామగారు బతికున్నన్నాళ్ళూ, నా ఒళ్ళు నాదని నాకూ తోచలేదు."