మర్డో నోట మంచి మాట

ఎడిన్‌బరోలోని ఆ నిఘంటువు ఆఫీసులో 'డిప్రెస్' అనే క్రియ మర్డో వంతుకు వచ్చినప్పుడు అందరూ ముసిముసిగా నవ్వుకున్నారు. ఎండ కాస్తే "ఎంతసేపులే" అని, కేకు కోస్తే "పళ్లు జాగ్రత్త" అని పెదవి విరిచే మనిషికి అంతకన్నా తగిన మాట ఇంగ్లీషులో లేదని వాళ్ల అభిప్రాయం. మీట కిందికి నొక్కడం, ధరలు పడగొట్టడం అనే అర్థాలు అతను పొద్దున్నే రాసేశాడు. మనిషిని కుంగదీయడం అనే అర్థానికి మాత్రం ఉదాహరణ వాక్యం ఎంతకీ కుదరడం లేదు.

"మీ పేరు పెట్టి రాసేయండి మర్డో గారూ, ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది," అంది పక్క బల్ల కట్రియోనా.

మామూలుగా అయితే ఆ మాటకు ఎదురు కుర్చీలోంచి ఎల్స్‌పెత్ పకపకా నవ్వేది. ఇరవై ఏళ్లుగా మర్డో సణుగుడుకు ఆమే శ్రోత. ఇప్పుడా కుర్చీ ఖాళీ. మర్నాడు ఆమెకు గుండె ఆపరేషన్. చూసి వద్దామని సాయంత్రం మర్డో కోటు అందుకోగానే కట్రియోనా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అసలే ఆవిడ బెంగగా ఉన్నారు. మీరెళ్లి నోరు విప్పారంటే ఉన్న ధైర్యం కాస్తా జారిపోతుంది. మంచి మాటలే చెబుతానని మాటివ్వండి, అప్పుడు కదలండి."

మాటిచ్చాడు. బస్సులో దారంతా మంచి మాటలు వల్లెవేసుకున్నాడు. పరీక్షలకు కూడా అంత కష్టపడి చదివి ఎరగడు. నిజానికి ఆమెకేమైనా అవుతుందేమోనని అతనికే లోపల వణుకుగా ఉంది.

వార్డులో ఎల్స్‌పెత్ దిండుకు చేరగిలబడి ఉంది. మర్డో పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"బయట ఎంత హాయిగా ఉందనుకున్నావ్! నీ మొహం కళకళలాడిపోతోంది. డాక్టరుది మంచి చెయ్యట. ఆ సూపు వాసనే ఘుమఘుమలాడుతోంది!"

ఎల్స్‌పెత్ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మర్డో, డాక్టరు నీకేం చెప్పాడు?"

"నాకా? ఏం చెప్పలేదే."

"అబద్ధం! ఇరవై ఏళ్లలో నువ్వు దేన్నీ బావుందన్న పాపాన పోలేదు. నేనిక బతకననేగా ఇలా మాట్లాడుతున్నావ్?" ఆమె కళ్లు నీళ్లతో నిండాయి.

మర్డో కట్రియోనాకిచ్చిన మాటను అక్కడే వదిలేసి చుట్టూ చూశాడు.

"కాసేపట్లో వాన దంచేస్తుంది. ఆ పూలు ఎల్లుండికి కుళ్లిపోతాయి. సూపు గిన్నెలు కడిగిన నీళ్లలా ఉంది. ఈ కుర్చీ చేసినవాడికి నడుమనేదే ఉండి ఉండదు."

"అమ్మయ్య," అంది ఎల్స్‌పెత్. మొహంలోకి రంగు తిరిగొచ్చింది. "ఇంకా?"

"ఇంకేముంది, ఆ డిప్రెస్ నా ప్రాణం తీస్తోంది. ఉదాహరణ కుదిరి చావడం లేదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. "రాసుకో. 'అతని ఉత్సాహం ఆమెను పూర్తిగా కుంగదీసింది.'"

అంత చక్కటి వాక్యం ఈ మధ్య ఆఫీసులో ఎవరూ రాయలేదు. "మరీ పొట్టిగా ఉంది," అంటూనే మర్డో రాసుకున్నాడు.

నర్సు వచ్చి వేళయిందంది. అతను గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"వచ్చే నెల నిఘంటువు అచ్చు ప్రూఫులొస్తున్నాయి. నిండా తప్పులే. అన్నీ నీ బల్ల మీదే పడేయిస్తాను, నేనొక్కటీ ముట్టుకోను. తప్పించుకుందామనుకోకు."

"పొద్దుట్నుంచి ఇంత మంచి మాట ఎవ్వరూ చెప్పలేదు మర్డో," అంది ఎల్స్‌పెత్.