మూడు గ్లాసుల మసాలా సోడా

తారక్ తాగుతాడు. ఆ సంగతి దాచుకునే మనిషి కాదు. శుక్రవారం రాత్రి రెండు పెగ్గులు, అవీ కొలిచి. శనివారం మాత్రం చుక్క ముట్టడు. ఎందుకంటే ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అతని నడుముకి పిస్తోలు ఎక్కుతుంది.

ఎడ్మంటన్‌లో బ్యాంకులకూ దుకాణాలకూ నగదు చేరవేసే ఇనుప బండిలో అతను గార్డు. ఈ దేశంలో పిస్తోలు పెట్టుకుని రోడ్డెక్కే అనుమతి మామూలు మనిషికి దొరికేది కాదు. తారక్‌కి ఆ అనుమతి కార్డు చేతికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. డ్యూటీకి ముందు ఇరవై నాలుగు గంటల్లో మందు ముట్టాడని తేలితే కార్డు పోతుంది, దాంతోపాటే ఉద్యోగం.

ఆ ఆదివారం బావమరిది ప్రణీత్ కొడుక్కి బారసాల. ఇంట్లో ఉయ్యాల, పాటలు, ఆడవాళ్లు. మగవాళ్లంతా గ్యారేజీలో చేరారు. బయట మైనస్ ఇరవై రెండు. లోపల హీటరు, మడత కుర్చీలు, మంచు ఎత్తే పారల పక్కన సీసాలు.

"మేనల్లుడి బారసాలకి కూడా మంచినీళ్లేనా బావగారూ?" అన్నాడు ప్రణీత్.

"మూడింటికి డ్యూటీ రా."

"ఒక్క పెగ్గేస్తే పిస్తోలు దానంతటదే పేలుద్దా ఏంటి?"

"పేలదు. తీయాల్సి వస్తే నా చెయ్యి నా మాట వినాలి. అందుకు."

"పోనీ మసాలా సోడా అన్నా తాగండి. గొంతు తడపకుండా పంపిస్తే అక్క నన్ను బతకనివ్వదు."

ప్రణీత్ వంటగదిలోంచి జగ్గు తెచ్చాడు. నిమ్మరసం, నల్లుప్పు, జీలకర్ర పొడి, దంచిన అల్లం, పచ్చిమిర్చి. ఘాటు నషాళానికి అంటింది. బాగుందని తారక్ మూడు గ్లాసులు తాగాడు.

ఈలోగా ఐసు అయిపోయింది. తెస్తానని ప్రణీత్ కారు తాళాలు అందుకున్నాడు. అప్పటికే అతను రెండు బీర్లు తాగి ఉన్నాడు. తారక్ లేచి తాళాలు లాక్కున్నాడు.

"ఈ దేశంలో స్థిరపడటానికి నీ పీఆర్ ఫైల్ నడుస్తోంది. ఇప్పుడు పోలీసు కాగితం మీద నీ పేరు పడిందంటే అంతే సంగతులు. ఏ గొడవ వచ్చినా అందులో నీ పేరు రాకుండా చూసుకో. నేను వెళ్లి తెస్తా."

"చిత్తం మాస్టారూ," అన్నాడు ప్రణీత్, చేతులు కట్టుకుని. అందరూ నవ్వారు.

బావని ఏడిపించడం ప్రణీత్‌కి పెళ్లినాటి నుంచీ సరదా. పెళ్లిలో తాంబూలంలో పచ్చిమిరపకాయ చుట్టి ఇచ్చింది అతనే. ఆ రోజు తారక్ కూడా నవ్వాడు.

మూడింటికి డిపోలో ఎప్పటిలాగే ఫారం మీద సంతకం పెట్టాడు. 'గత ఇరవై నాలుగు గంటల్లో మద్యం తీసుకోలేదు' అని అందులో ఉంటుంది. పిస్తోలు నడుముకి చేరింది. బండి తోలేది వీర్రాజు గారు. రెండు నెలల్లో రిటైర్మెంటు.

రెండో దుకాణం దగ్గర నగదు సంచి ఎక్కించి తలుపు వేసుకున్నాక తారక్ జేబులో ఫోను మోగింది. ప్రణీత్ వీడియో పంపాడు. వంటగది, సోడా జగ్గు, అందులోకి సగం సీసా వోడ్కా. ప్రణీత్ కెమెరా వైపు కన్ను కొట్టి, "బావగారి వ్రతభంగం," అన్నాడు.

సోడా తాగినప్పటి నుంచీ తారక్‌కి హాయిగా అనిపిస్తున్న వెచ్చదనం హీటరుది కాదన్నమాట.

"వీర్రాజు గారూ, ఒకసారి ఇది చూడండి. నా సోడాలో మందు కలిపారు."

వీర్రాజు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "నాకు చూపించకు. చూస్తే నేనూ చెప్పాల్సొస్తుంది."

"నాకు సాక్షి కావాలండీ."

"నీకు కావాల్సింది నోరు మూసుకోవడం. ఇంకా నాలుగు స్టాపులున్నాయి. మాట తడబడట్లేదు, నడక తూలట్లేదు. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసిపోయింది కదండీ."

తర్వాతి దుకాణం ఎదురుగా కనిపిస్తోంది. ఆదివారం రద్దీ, పిల్లలు, పసివాళ్లని తోసే స్ట్రోలర్లు. ఆ గుంపులోంచి నడుముకి గుళ్లు నింపిన పిస్తోలుతో నడవాలి. తారక్ రేడియో అందుకుని ఉన్నదున్నట్టు డిపోకి చెప్పేశాడు. తర్వాత గుళ్లు తీసేసి పిస్తోలుని పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

"పిచ్చోడివి," అన్నాడు వీర్రాజు గారు మెల్లిగా, బండి పక్కకి ఆపుతూ.

తారక్ ప్రణీత్‌కి ఫోన్ చేశాడు. "ఆ వీడియో జాగ్రత్తగా ఉంచు. తెలియక తాగానని చెప్పడానికి నా దగ్గరున్నది అదొక్కటే. డిపో నుంచి సూపర్‌వైజర్ వస్తోంది."

అవతల తలుపు మూసిన చప్పుడైంది, ఉయ్యాల పాట ఆగింది.

"పోలీసులొస్తారా బావగారూ?"

"రావచ్చు. జరిగింది చెబితే చాలు."

ఫోను కట్ అయింది. తారక్ వీడియో కోసం వెతికాడు. అది ఉన్నచోట 'ఈ సందేశం తొలగించబడింది' అని ఉంది. గ్యాలరీలోనూ లేదు. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. ఇంకోసారి చేశాడు.

ఇరవై నిమిషాల్లో సూపర్‌వైజర్ మెగన్ వచ్చింది. తారక్‌ని కిందికి దింపి గొట్టంలోకి ఊదమంది. అంకె పెద్దది కాదు. కానీ సున్నా కాదు.

"ఎవరో కలిపారన్నావు. ఎవరు?"

"నా భార్య తమ్ముడు."

"నంబర్ చెప్పు."

ఆమె ఫోను నుంచి చేస్తే ప్రణీత్ రెండో రింగుకే ఎత్తాడు. స్పీకర్లో అతని ఇంగ్లిష్, ఇంటర్వ్యూలో మాట్లాడినట్టు, ఒక్కో మాటా తూచినట్టు వినిపించింది. "లేదు మేడమ్. నేనేమీ కలపలేదు. ఆయన ఏం తాగారో నాకు తెలియదు."

"ప్రణీత్, నేన్రా," అన్నాడు తారక్ తెలుగులో.

లైను తెగిపోయింది.

మెగన్ వీర్రాజు వైపు తిరిగింది. "నువ్వు వీడియో చూశావా?"

"చూడలేదు," అన్నాడు వీర్రాజు గారు. అది నిజమే.

మెగన్ నిట్టూర్చింది. "నీ అంతట నువ్వే చెప్పావు. అది రాస్తాను. తెలియక తాగావన్నది మాత్రం రాయలేను. నా దగ్గర ఆధారం లేదు. ఆ కార్డు ఇలా ఇవ్వు."

తారక్ కార్డు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కవరులో వేసి అంటించి, తన కారు వైపు నడిచింది.

అప్పుడు ఫోను మళ్లీ మోగింది. ప్రణీత్ సందేశం.

'క్షమించండి బావగారూ. వోడ్కా కలిపింది నేనే. కానీ మీరే చెప్పారు కదా, ఏ గొడవలోనూ నా పేరు రాకుండా చూసుకోమని.'

"మెగన్," అని కేక వేశాడు తారక్. ఆమె చెవులు ఉన్ని టోపీలో ఉన్నాయి. కారు తలుపు మూసుకుంది. కనీసం స్క్రీన్‌షాట్ అన్నా తీసుకోవాలి. గ్లవ్స్ వేసుకున్న వేళ్లకి ఫోను పలకలేదు. పళ్లతో గ్లవ్ లాగాడు. మణికట్టు దగ్గర పట్టీ బిగుసుకుంది. మళ్లీ లాగాడు. ఊడింది.

వేలు తెరమీద పెట్టేసరికి, సందేశం తొలగించబడి ఉంది.